"అధ్యక్షుడు ఒక్క సంతకం పెడితే అయిపోదా?" అమెరికా రాజ్యాంగం గురించి ఒక అమ్మ ప్రశ్న

చదివేవాళ్లకి సందర్భం తెలియడానికి ముందు మీ ప్రశ్న రెండు ముక్కల్లో చెప్తాను. మీ అన్నయ్య సిటిజెన్ కావడంతో అమ్మగారికి ఆయన ద్వారా గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లయింది. వచ్చే నెల ఆవిడకి పౌరసత్వ ఇంటర్వ్యూ. మీరేమో హెచ్1బీ మీద వచ్చి పద్నాలుగేళ్లయినా ఇంకా గ్రీన్ కార్డు లైన్లోనే ఉన్నారు. అమ్మగారు ప్రశ్నలు బట్టీ పడుతూ మధ్యలో ఆగి, "నాకు ఇస్తున్నారు, నీకెందుకు ఇవ్వరు? ఆ అధ్యక్షుడు ఒక్క సంతకం పెడితే అయిపోదా?" అన్నారు. మీకు జవాబు తోచలేదు. ఈ రాజ్యాంగం, ఈ ప్రభుత్వం ఎలా పనిచేస్తాయో మొదటి నుంచి చెప్పమన్నారు.

అమ్మగారి ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పగలిగితే అమెరికా రాజ్యాంగం మూడొంతులు చెప్పినట్టే. అందుకని ఆ ప్రశ్న పట్టుకునే వెళ్తాను.

నేను న్యూజెర్సీకి వచ్చి ఇరవై రెండేళ్లయింది. పదేళ్ల పైనుంచి శనివారం పొద్దున పూట మా ఊరి లైబ్రరీలో, పౌరసత్వ పరీక్షకి వెళ్లే మన పెద్దవాళ్లకి పాఠం చెబుతున్నాను. తెనాలి నుంచి వచ్చినా కరీంనగర్ నుంచి వచ్చినా మొదటి వారం అందరూ పడే పొరపాటు ఒకటే. మన ప్రధానమంత్రి కుర్చీలో ఇక్కడి అధ్యక్షుణ్ణి కూర్చోబెట్టి ఊహించుకుంటారు. ఆ బొమ్మ చెరిగితే తప్ప మిగతా పాఠం బుర్రకెక్కదు. ఇంకో చిక్కు "కాంగ్రెస్" అనే మాట. మన చెవికి అది పార్టీ పేరు. ఇక్కడ అది పార్లమెంటు పేరు. ప్రతినిధుల సభ, సెనేట్ రెండూ కలిస్తే కాంగ్రెస్.

మన దేశంలో మనం ఓటు వేసేది ఎంపీకి. ఆ ఎంపీల్లో మెజారిటీ ఎవరి వెనక ఉంటే ఆయన ప్రధాని. మంత్రులంతా సభలో సభ్యులే. సభ మద్దతు పోతే ప్రభుత్వం పోతుంది. 1999లో వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోవడం అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. అంటే చట్టం చేసే చెయ్యి, దాన్ని నడిపించే చెయ్యి ఒకే ఒంటికి ఉన్నాయి. ప్రధానికి సభలో గట్టి బలం ఉంటే అనుకున్న చట్టం తేవడం పెద్ద పని కాదు.

ఇక్కడ కావాలనే ఆ రెండు చేతుల్నీ వేరు చేశారు. అధ్యక్షుడు ఒక ఎన్నికలో వస్తాడు, కాంగ్రెస్ సభ్యులు వేరే ఎన్నికల్లో వస్తారు. అధ్యక్షుడు కాంగ్రెస్‌లో సభ్యుడు కాడు. ఆయన మంత్రులు కూడా కాకూడదని రాజ్యాంగంలోనే రాసి ఉంది. 2025 జనవరిలో మార్కో రూబియో విదేశాంగ మంత్రి కావాలంటే ముందు సెనేట్ సీటుకి రాజీనామా చేయాల్సి వచ్చింది అందుకే. కాంగ్రెస్ అవిశ్వాస తీర్మానం పెట్టి అధ్యక్షుణ్ణి దింపలేదు. అధ్యక్షుడు కాంగ్రెస్‌ని రద్దు చేసి మధ్యంతర ఎన్నికలు పెట్టలేడు. ఎవరి గడువు వాళ్లది. అంతర్యుద్ధం జరుగుతున్న 1864లో కూడా ఎన్నికలు వేళకి జరిగాయి.

ఎందుకింత పట్టుదలగా విడదీశారో తెలియాలంటే 1787 దాకా వెళ్లాలి.

1776లో బ్రిటిష్ రాజుని కాదని పదమూడు వలసలు విడిపోయాయి. రాజు పెత్తనం చూసి విసిగినవాళ్లు కాబట్టి, 1781లో అమల్లోకి వచ్చిన తొలి ఒప్పందంలో కేంద్రానికి దాదాపు ఏ అధికారమూ ఇవ్వలేదు. పన్ను వేసే హక్కు లేదు. ఒప్పందంలో ఒక్క మాట మార్చాలన్నా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. యుద్ధంలో పోరాడిన సైనికులకి జీతం బాకీలు కూడా సరిగ్గా తీర్చలేని పరిస్థితి. 1786లో పశ్చిమ మసాచుసెట్స్‌లో అప్పులు, పన్నులు కట్టలేక పొలాలు పోగొట్టుకుంటున్న రైతులు తిరగబడి కోర్టులు మూయించారు. డేనియల్ షేస్ అనే మాజీ సైనికాధికారి వాళ్ల ముందు నిలిచాడు. దాన్ని అదుపు చేయడానికి కేంద్రం దగ్గర డబ్బూ లేదు, సైన్యమూ లేదు. రాజు ఉంటే ఒక కష్టం, ఎవరూ లేకపోతే ఇంకో కష్టం. ఈ రెండు భయాలూ పక్కపక్కన పెట్టుకుని 1787 మే నెలలో ఫిలడెల్ఫియాలో కూర్చున్నారు.

ఆ గదిని నేను నాలుగైదుసార్లు చూశాను. మాకు గంటన్నర దూరమే. వెళ్లిన ప్రతిసారీ నన్ను ఆశ్చర్యపరిచేది దాని సైజు. మన ఊళ్లలో పెళ్లిళ్లు చేసే చిన్న హాలంత కూడా ఉండదు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన చిన్న చిన్న బల్లలు, ముందు జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ, దాని వీపు మీద చెక్కిన సగం సూర్యుడు. ఆ వేసవిలో మాటలు బయటికి పొక్కకూడదని కిటికీలు మూసేసి కూర్చున్నారట. వచ్చిపోయినవాళ్లు మొత్తం 55 మంది. సెప్టెంబరు 17న చివరికి సంతకం పెట్టింది 39 మంది. తయారైన రాజ్యాంగం దాదాపు 4,500 మాటలే. మన రాజ్యాంగం పక్కన పెడితే కరపత్రంలా ఉంటుంది. ఏడు అధికరణాలు. మొదటిది, అన్నిటికన్నా పొడుగైనది, కాంగ్రెస్ గురించి. రెండోది అధ్యక్షుడి గురించి, మూడోది కోర్టుల గురించి. ఆ వరుసలోనే ఒక సంగతి తెలుస్తుంది. రాసినవాళ్ల దృష్టిలో ముందు పీట కాంగ్రెస్‌ది.

కాంగ్రెస్‌కి రెండు సభలు ఉండటం వెనక పెద్ద గొడవే ఉంది. వర్జీనియా లాంటి పెద్ద రాష్ట్రాలు జనాభాని బట్టి సీట్లు కావాలన్నాయి. మా న్యూజెర్సీ లాంటి చిన్నవి ప్రతి రాష్ట్రానికీ సమానంగా కావాలన్నాయి. చర్చలు ఆగిపోయేంతవరకూ వచ్చి, జూలై 16న ఒక్క రాష్ట్రం ఓటు తేడాతో రాజీ కుదిరింది. ప్రతినిధుల సభలో జనాభాని బట్టి, సెనేట్‌లో రాష్ట్రానికి ఇద్దరు. అదే ఇప్పటికీ నడుస్తోంది. సభలో 435 మంది, రెండేళ్ల గడువు. సెనేట్‌లో 100 మంది, ఆరేళ్ల గడువు. కాలిఫోర్నియాకి సభలో 52 సీట్లు, ఆరు లక్షల జనాభా కూడా లేని వయోమింగ్‌కి ఒక్కటి. సెనేట్‌కి వచ్చేసరికి ఇద్దరికీ రెండేసి. ఇది నాకు న్యాయంగా అనిపించదు. కానీ ఆ రాజీ లేకపోతే అసలు దేశమే కుదిరేది కాదన్నది కూడా నిజం.

ఇప్పుడు అమ్మగారి ప్రశ్నకి వద్దాం.

మీ గ్రీన్ కార్డు ఎందుకు ఆగింది? ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 అనీ, ఒక దేశంలో పుట్టినవాళ్లకి అందులో 7 శాతం మించకూడదనీ కాంగ్రెస్ చేసిన చట్టంలో ఉంది. అమ్మగారి విషయంలో అదే చట్టం, సిటిజెన్ల తల్లిదండ్రులకి కోటా లేదంది. అందుకే ఆవిడది త్వరగా వచ్చింది. అది అధ్యక్షుడు రాసిన అంకె కాదు కాబట్టి ఆయన సంతకంతో చెరగదు. చట్టం మారాలంటే ఒకే బిల్లు, అక్షరం తేడా లేకుండా, రెండు సభల్లోనూ నెగ్గాలి. ఆ తర్వాతే అధ్యక్షుడి సంతకం.

మనవాళ్లంతా ఊపిరి బిగబట్టి చూసిన ఒక బిల్లు ఉంది. ఆ 7 శాతం పరిమితిని ఉద్యోగ కోటాలో ఎత్తేసే బిల్లు. 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. ఆ రోజు మా ఆఫీసులో మనవాళ్లు కొందరు స్వీట్లు పంచారు. తర్వాత అది సెనేట్‌కి వెళ్లింది. అక్కడ అందరి సమ్మతితో త్వరగా కానిద్దామంటే, ఒక్క సెనేటర్ "నాకు అభ్యంతరం" అంటే చాలు, ఆగిపోతుంది. ఒకరి తర్వాత ఒకరు అభ్యంతరం చెప్పారు. బేరాలు జరిగాయి, మార్పులు జరిగాయి. చివరికి 2020 డిసెంబరు 2న సెనేట్ కూడా ఆమోదించింది. చాలామంది అయిపోయిందనుకున్నారు. కానీ సెనేట్ నెగ్గించిన బిల్లు మారిపోయిన బిల్లు. సభ నెగ్గించిన దానితో అది కలవదు. రెండిటినీ ఒకటి చేసేలోపు, 2021 జనవరి 3న ఆ కాంగ్రెస్ గడువు తీరింది. గడువు తీరితే నెగ్గని బిల్లులన్నీ చచ్చిపోతాయి. మళ్లీ మొదటి నుంచి మొదలు. రెండు సభలూ "సరే" అన్నాయి, అయినా చట్టం కాలేదు. ఆ నెలలో నాకు వచ్చిన ఫోన్లు ఇప్పటికీ మర్చిపోలేను. ఇరవై ఒక్కేళ్లు నిండితే పిల్లలు తల్లిదండ్రుల గ్రీన్ కార్డు లైన్లోంచి జారిపోతారు. అలా నిండబోతున్న పిల్లల తల్లిదండ్రులు, "సార్, రెండు చోట్లా పాసైంది కదా" అంటుంటే ఏం చెప్పాలో తెలిసేది కాదు.

సెనేట్‌లో ఇంకో అడ్డంకి ఉంది, ఇది రాజ్యాంగంలో లేదు. అక్కడ చర్చకి ముగింపు పలకాలంటే సాధారణంగా 60 ఓట్లు కావాలి. 51 మంది ఒప్పుకున్నా మిగతావాళ్లు చర్చ సాగదీసి బిల్లుని ఆపేయొచ్చు. దీన్ని ఫిలిబస్టర్ అంటారు. సెనేట్ తనకి తాను పెట్టుకున్న నియమం అది.

మరి అధ్యక్షుడి సంతకానికి విలువ లేదా అంటే, చాలా ఉంది. బిల్లు నచ్చకపోతే వీటో చేస్తాడు. దాన్ని దాటాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి, అది దొరకడం చాలా అరుదు. సైన్యం ఆయన మాట వింటుంది. మంత్రుల్నీ, రాయబారుల్నీ, జడ్జీల్నీ ఆయనే ఎంపిక చేస్తాడు, సెనేట్ ఒప్పుకోవాలి. ఉన్న చట్టాన్ని ఎలా అమలు చేయాలో చెప్పే ఉత్తర్వులు, నియమాలు కూడా ఆయన ప్రభుత్వానివే. హెచ్4 మీద, అంటే హెచ్1బీ వాళ్ల భార్య లేదా భర్తగా ఉన్నవాళ్లలో కొందరికి 2015లో పని చేసుకునే అనుమతి వచ్చింది అలాంటి నియమంతోనే, కాంగ్రెస్ కొత్త చట్టంతో కాదు. అందుకే దాని మీద ఏళ్ల తరబడి కోర్టులో సవాలు నడిచింది. 2024లో వాషింగ్టన్ అప్పీళ్ల కోర్టు ఆ నియమాన్ని సమర్థించింది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల చెల్లింపు పెట్టింది కూడా అధ్యక్షుడి ప్రకటనే. విదేశీయుల రాకని ఆపడానికి, షరతులు పెట్టడానికి పాత చట్టం ఒకటి తనకి అధికారం ఇచ్చిందని ఆయన వాదన. దాని మీద కూడా కోర్టు కేసులు పడ్డాయి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. ఆపడానికి అధ్యక్షుడి చేతిలో చాలా ఉంది. కోటా పెంచి ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదు. అమ్మగారికి ఇది చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

అధ్యక్షుడు గీత దాటితే ఏమవుతుందో చెప్పడానికి నేను క్లాసులో ఎప్పుడూ 1952 కథే చెప్తాను. కొరియా యుద్ధం జరుగుతోంది. ఉక్కు కార్మికులు సమ్మెకి దిగబోతున్నారు. ఉక్కు లేకపోతే యుద్ధ సామగ్రి ఆగిపోతుందని అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లుల్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. కంపెనీలు కోర్టుకి వెళ్లాయి. రెండు నెలలు తిరగకుండా సుప్రీంకోర్టు 6–3తో, కాంగ్రెస్ ఇవ్వని అధికారం నీకు లేదు పొమ్మంది. ఆయన స్వయంగా నియమించిన జడ్జీల్లో ఇద్దరు ఆయనకి వ్యతిరేకంగా ఓటేశారు. ట్రూమన్ మిల్లులు వెనక్కి ఇచ్చేశాడు. యుద్ధం మధ్యలో, దేశాధ్యక్షుడు, ఒక కోర్టు కాగితానికి తల వంచాడు. నాకు ఈ దేశం మీద గౌరవం కలిగించిన వాటిలో ఇది ఒకటి.

ఖజానా తాళం కూడా కాంగ్రెస్ దగ్గరే. మన దగ్గర లోక్‌సభలో బడ్జెట్ వీగిపోతే ప్రభుత్వం దిగిపోవాల్సిందే. ఇక్కడ కాంగ్రెస్ డబ్బు మంజూరు చేయకపోతే ఎవరూ దిగిపోరు, ఆఫీసులు మూతపడతాయి. దాన్నే షట్‌డౌన్ అంటారు. 2025లో అక్టోబరు 1 నుంచి 43 రోజులు సాగింది. అంత పొడుగు షట్‌డౌన్ అంతకుముందు ఎప్పుడూ లేదు. జీతం రాకుండానే విమానాశ్రయాల్లో సెక్యూరిటీ సిబ్బంది డ్యూటీ చేశారు. ఒకరినొకరు ఇంటికి పంపలేని ఏర్పాటుకి ఇది చెల్లించే ధర.

తప్పు చేసిన అధ్యక్షుణ్ణి దింపే దారి అభిశంసన ఒక్కటే. ప్రతినిధుల సభ మామూలు మెజారిటీతో అభియోగం మోపుతుంది, సెనేట్ విచారణ చేస్తుంది, శిక్షకి మూడింట రెండు వంతులు కావాలి. ఆండ్రూ జాన్సన్ 1868లో ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. తర్వాత క్లింటన్ మీద ఒకసారి, ట్రంప్ మీద రెండుసార్లు జరిగింది. ఎవరూ పదవి కోల్పోలేదు. నిక్సన్ మీద సభలో ఓటు దాకా రాకముందే 1974 ఆగస్టులో ఆయనే రాజీనామా చేశాడు.

కోర్టుల సంగతి. సుప్రీంకోర్టు జడ్జీలు తొమ్మిది మంది. ఈ అంకె కూడా రాజ్యాంగంలో లేదు, 1869 నుంచి చట్టం ప్రకారం అలా స్థిరపడింది. రిటైర్మెంట్ వయసు లేదు, తమంతట తాము తప్పుకునేదాకా ఉండొచ్చు. రాజ్యాంగానికి విరుద్ధమైన చట్టాన్ని కొట్టేసే అధికారం తమకి ఉందని 1803లో మార్బరీ కేసులో కోర్టే చెప్పింది.

కోర్టు ఎప్పుడూ న్యాయం వైపే ఉంటుందని మాత్రం చెప్పను. భగత్ సింగ్ తింద్ అని పంజాబ్ నుంచి వచ్చినాయన మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో చేరాడు. అప్పటి చట్టం పౌరసత్వం పుచ్చుకునే హక్కు "స్వేచ్ఛగల శ్వేతజాతీయుల"కీ, ఆఫ్రికా సంతతివాళ్లకీ మాత్రమే ఇచ్చింది. ఆయన పౌరసత్వం అడిగితే, 1923లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, నువ్వు శ్వేతజాతీయుడివి కాదంది. దాంతో అప్పటికే సిటిజెన్లు అయిన భారతీయుల దగ్గర్నుంచి కూడా పౌరసత్వం వెనక్కి లాక్కున్నారు. దాన్ని సరిచేసింది మళ్లీ కాంగ్రెస్సే, 1946లో ఒక చట్టం చేసి. ఆ చట్టంలో భారతీయులకి ఏడాదికి వంద మందికే చోటు. ఇవాళ మనవాళ్లు ప్రమాణ స్వీకారానికి వెళ్లే ప్రతిసారీ నేను తింద్ పేరు చెప్పి పంపిస్తాను.

మీ పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్లయితే ఇంకో కేసు తెలుసుకోవాలి. 1868 నాటి 14వ సవరణ, ఈ దేశంలో పుట్టి దీని చట్టపరిధిలో ఉన్నవాళ్లంతా పౌరులే అంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకి పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్‌ని ఊరెళ్లి తిరిగొస్తుంటే ఓడరేవులో ఆపేశారు. 1898లో సుప్రీంకోర్టు ఆయన పౌరుడేనని తీర్పు చెప్పింది. 2025 జనవరిలో, తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ల పిల్లలకి ఈ హక్కు వర్తించదంటూ అధ్యక్షుడి ఉత్తర్వు వచ్చినప్పుడు మన ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డామో మీకూ తెలుసు. మూడు రోజుల్లో సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి దాన్ని నిలిపేశారు, గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1868లో రాసిన ఒక వాక్యం మీద 2025లో ప్రసూతి వార్డులో ఉన్న మనమ్మాయి ధైర్యం ఆధారపడింది.

ఆ సవరణ పుట్టిందే పెద్ద పాపానికి ప్రాయశ్చిత్తంగా. 1787 రాజ్యాంగంలో "బానిస" అనే మాట ఎక్కడా కనిపించదు, కానీ బానిసత్వం నిండా ఉంది. సీట్ల లెక్కలో బానిసని మనిషిలో అయిదింట మూడు వంతులుగా లెక్కేశారు. బానిసల దిగుమతిని 1808 దాకా ఆపకూడదన్నారు. తప్పించుకుపోయినవాణ్ణి యజమానికి అప్పగించాలన్నారు. ఇది చెరగడానికి అంతర్యుద్ధం కావాల్సి వచ్చింది. 13వ సవరణ 1865లో బానిసత్వాన్ని రద్దు చేసింది, 14వది పౌరసత్వం, సమాన రక్షణ ఇచ్చింది, 15వది 1870లో జాతిని బట్టి ఓటు కాదనకూడదంది. అయినా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివాళ్లు నిజంగా ఓటు వేయగలిగింది 1965 చట్టం తర్వాతే. ఆడవాళ్లకి ఓటు 1920లో 19వ సవరణతో వచ్చింది. అంటే "మేము, ఈ దేశ ప్రజలం" అని మొదలైన పత్రంలో ఆ "మేము" అనే మాట అందర్నీ కలుపుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది.

సవరణలు మొత్తం 27. రెండు సభల్లో మూడింట రెండు వంతులు, ఆపైన 38 రాష్ట్రాల ఆమోదం కావాలి, అందుకే ఇన్ని తక్కువ. మొదటి పదీ 1791లో ఒకేసారి వచ్చాయి, వాటినే హక్కుల పత్రం అంటారు. ఇందులో ఒక చక్కటి ఉదంతం చెప్తాను. 1961లో ఫ్లోరిడాలో క్లారెన్స్ గిడియన్ అనే పేదవాడి మీద దొంగతనం కేసు పెట్టారు. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేదు, ఇప్పించండి అన్నాడు. కుదరదన్నారు. తనే వాదించుకున్నాడు, అయిదేళ్లు శిక్ష పడింది. జైలు కాగితాల మీద పెన్సిల్‌తో సుప్రీంకోర్టుకి అర్జీ రాసుకున్నాడు. 1963లో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాటగా, లాయర్ లేని పేదవాడికి ప్రభుత్వమే లాయర్‌ని ఇవ్వాలన్నారు. మళ్లీ విచారణ జరిగి, లాయర్ సాయంతో, ఆయన నిర్దోషిగా బయటికొచ్చాడు.

వీసా మీద ఉన్నవాళ్లు ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి. ఈ రక్షణల్లో చాలావాటికి రాజ్యాంగం వాడిన మాట "వ్యక్తి", "పౌరుడు" కాదు. 1886లోనే, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనావాళ్ల లాండ్రీలకి కావాలని పర్మిట్లు ఇవ్వని కేసులో, పౌరులు కానివాళ్లకీ సమాన రక్షణ ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసు ఆపి ప్రశ్నిస్తే మౌనంగా ఉండే హక్కు, లాయర్‌ని అడిగే హక్కు మీకూ ఉన్నాయి. ఓటు మాత్రం సిటిజెన్లకే. పొరపాటున కూడా ఓటరు ఫారం నింపకండి. డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర అడిగితే తెలియక "సరే" అన్న పెద్దాయన ఒకరు తర్వాత పౌరసత్వం దగ్గర చాలా ఇబ్బంది పడ్డారు.

ఆ డ్రైవింగ్ లైసెన్స్ రాష్ట్రం ఇచ్చేది. కేంద్రానికి రాసివ్వని అధికారాలు రాష్ట్రాలవీ, ప్రజలవీ అని 10వ సవరణ. స్కూళ్లు, పోలీసు, పెళ్లి, విడాకులు, చాలా నేరాలకి శిక్షలు రాష్ట్రం చేతిలోవే. ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం ఉంది. ఇక్కడ గవర్నర్ అంటే ఢిల్లీ నుంచి పంపినాయన లాంటివాడు కాదు, జనం ఓటేసి గెలిపించినవాడు. మన ముఖ్యమంత్రి స్థానం అది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్, అంటే గవర్నర్ తర్వాతి స్థానంలో ఉండేవారు, అయ్యారు. అలా వచ్చి పౌరసత్వం తీసుకున్నవాళ్లు గవర్నరూ సెనేటరూ కావచ్చు, అధ్యక్షులు మాత్రం కాలేరు. దానికి పుట్టుకతోనే పౌరులై ఉండాలి.

రాష్ట్రాల బలం ఎంతో తెలుగువాళ్లకి ఒక్క పోలికతో అర్థమవుతుంది. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లుని తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. మన రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం సభ అభిప్రాయం అడగాలి, పాటించక్కర్లేదు. ఇది మంచో చెడో అన్న చర్చ ఇక్కడ వద్దు. అమెరికాలో అది కుదరదు. ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రం తీయాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకుని తీరాలి. 1820లో మసాచుసెట్స్ ఒప్పుకున్నాకే మెయిన్ విడిపోయింది. అంతర్యుద్ధంలో 1863లో వెస్ట్ వర్జీనియా ఏర్పడినప్పుడు కూడా, యూనియన్ వైపు నిలిచిన వర్జీనియా ప్రభుత్వం ఒకటి ఉండి దానికి సమ్మతి ఇచ్చింది.

అధ్యక్షుడి ఎన్నిక కూడా రాష్ట్రాలవారీగానే. కాంగ్రెస్‌లో ఒక రాష్ట్రానికి ఎన్ని సీట్లుంటే ఆ ఎన్నికలో దానికి అన్ని ఓట్లు, వాటినే ఎలక్టోరల్ ఓట్లు అంటారు. సభలో 435, సెనేట్‌లో 100, వాషింగ్టన్ నగరానికి 3, కలిపి 538 ఎలక్టోరల్ ఓట్లు. 270 వస్తే గెలుపు. మెయిన్, నెబ్రాస్కా తప్ప అన్నిచోట్లా రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే మొత్తం ఓట్లు. అందుకే 2000లోనూ 2016లోనూ దేశమంతా కలిపి తక్కువ ఓట్లు వచ్చినవాళ్లు అధ్యక్షులయ్యారు. 2000లో అంతా ఫ్లోరిడాలో 537 ఓట్ల మీద తేలింది.

ఇక అమ్మగారి ఇంటర్వ్యూ. దరఖాస్తు 2025 అక్టోబరు 20న గానీ తర్వాత గానీ వేసి ఉంటే ఆవిడకి కొత్త పరీక్ష: 128 ప్రశ్నల్లోంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. అంతకుముందు వేసి ఉంటే పాత పద్ధతి, వందలోంచి 10 అడుగుతారు, 6 చాలు. ముందు రసీదు మీద తేదీ చూడండి, చాలామంది తప్పు కాగితం చదువుతున్నారు. తెలుగులో రాయొచ్చని ఎవరో చెప్పారన్నారు. అది యాభై దాటి ఇరవై ఏళ్లు, లేదా యాభై అయిదు దాటి పదిహేనేళ్లు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకి. అమ్మగారికి ఆరేళ్లే కాబట్టి ఇంగ్లీషులోనే చెప్పాలి, ఒక వాక్యం చదవాలి, ఒక వాక్యం రాయాలి. జవాబులు పొడుగ్గా అక్కర్లేదు, రెండు మూడు మాటలు చాలు. మీ సెనేటర్లు, సభ ప్రతినిధి, గవర్నర్ పేర్లు మాత్రం పాత నోట్సులోంచి బట్టీ పట్టించకండి, ఎన్నికలతో మారిపోతుంటాయి. ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు మళ్లీ చూసి, ఒక చీటీ మీద తెలుగు అక్షరాల్లో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. మా క్లాసులో పెద్దవాళ్లకి అన్నిటికన్నా బాగా పనిచేసింది అదే. మీరు ఏ రాష్ట్రంలో ఉంటున్నారో రాస్తే ఆ పేర్లు ఎలా పలకాలో నేను తెలుగులో రాసి పెడతాను.